పొదుపు ఎవరిది, మిగులు ఎవరిది? మాల మాదిగ వాడల వంటింటి చరిత్ర

ఆడవాళ్ళ పత్రికల్లో పొదుపు శీర్షికలు ఉంటాయి. నెలకు ఇంత జీతం వస్తే పాలకెంత, కూరగాయలకెంత, పిల్లల చదువుకెంత అని పట్టీ వేసి చూపిస్తారు. మిగిలిన అన్నంతో పులిహోర, మిగిలిన ఇడ్లీతో ఉప్మా చెయ్యమంటారు. చదవడానికి బాగానే ఉంటుంది. కాని ఆ పట్టీ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ఒకటో తారీఖున ఇంట్లోకి జీతం వస్తుంది, రాత్రికి అన్నం మిగులుతుంది అన్నదే ఆ నమ్మకం. ఒకటో తారీఖే లేని ఇళ్ళల్లో, మిగలడానికి అన్నమే లేని ఇళ్ళల్లో పొదుపు ఎట్లా చేశారు? మన చరిత్రకారులు వెట్టి గురించి రాశారు, భూమి గురించి రాశారు, పోరాటాల గురించి రాశారు. పొద్దుగూకాక వాడలో పొయ్యి ఎట్లా వెలిగిందో మాత్రం పెద్దగా అడగలేదు.

మాల మాదిగ స్త్రీని మెచ్చుకునే వాళ్ళు కూడా లేకపోలేదు. గుప్పెడు గింజలతో ఇంటిని గడుపుతుంది, ఎంత ఓర్పు అంటారు. ఈ మెచ్చుకోలు కింద ఒక లెక్క కప్పబడిపోయింది. ఆసామి కొలిచిన కూలి ఇంటిల్లిపాదికీ చాలేది కాదు. చాలని భాగాన్ని ఆమె గట్ల మీంచి, కళ్ళం దుమ్ములోంచి, చచ్చిన గొడ్డులోంచి, తన కడుపులోంచి పూడ్చింది. ఆమె పూడ్చుకుంటూ వచ్చింది కాబట్టే అంత తక్కువ కూలితో వ్యవసాయం నడిచింది. ఆమె చేసిన పొదుపు ఆమె ఇంట్లో మిగల్లేదు, ఆసామి గాదెలో మిగిలింది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

మానిక చేతిలో ఉన్నవాడు

కూలి గింజల్లో ముట్టిన కాలం ఎంతో దూరంలో లేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అన్నవి వాడలో ప్రతి ఆడమనిషికీ చేతి అంచనాలో ఉండేవి. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని ఎక్కంలో చెప్పినా, ఊరు మారితే మానిక మారేది. కొలిచే చెయ్యి మారినా మారేది. మానికను కుదించి నింపడం వేరు, వదులుగా పోసి చేత్తో గీసేయడం వేరు. కూలి ఇచ్చేటప్పుడు ఒక కొలత, అప్పు వసూలు చేసేటప్పుడు ఇంకో కొలత అన్న ఫిర్యాదు పాత తరం వాళ్ళ నోట తరచుగా వినబడుతుంది. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాత కిలో, లీటరు బజారుకు వచ్చాయి. కళ్ళంలో మాత్రం మానిక అంత తొందరగా పోలేదు.

కూలి సాయంత్రం చేతికొస్తే దంచి, చెరిగి, వండేసరికి రాత్రయ్యేది. అక్కడ మొదలయ్యేది అసలు లెక్క. తెలంగాణలో జొన్న తీసుకుందాం. జొన్నలు ఇసిరి రొట్టె చేస్తే ఇద్దరికి వచ్చేవి, రవ్వ చేసి గట్క వండితే ఇంకొకరికి వస్తాయి. అవే పిండి కలిపి అంబలి కాస్తే ఇంట్లో అందరికీ వస్తాయి. గింజ పెరగలేదు, నీళ్ళు పెరిగాయి. కోస్తా పల్లెల్లో నూకలు, గంజి, తరవాణి ఇదే పని చేశాయి. గంజి వార్చితే బలం పోతుందని అత్తెసరు పెట్టేవాళ్ళు. వార్చిన ఇంట్లో గంజి పారబోసేది లేదు, ఉప్పుగల్లు వేసి పిల్లలకు పోసేవాళ్ళు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే ఉల్లిగడ్డతో తిని పనికి పోవడం రుచి కోసం పుట్టిన అలవాటు కాదు. పొద్దున పొయ్యి వెలిగించే కట్టెలూ, వేళా రెండూ లేవు.

గింజలు అయిపోయే నెలలు వానాకాలం నెలలు. పని ఉంటుంది, గాదె ఉండదు. అప్పుడు ఆసామి దగ్గరే నాగుకు తెచ్చుకోవాలి. పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలిచిన చోట్లు ఉన్నాయి. అంటే వచ్చే ఏడాది కూలి ఈ ఏడాదే కుండలో ఉడికిపోయిందన్న మాట. ఇట్లాంటి ఇంటికి పోయి పొదుపు చెయ్యమని చెప్పేవాడు ఏం పొదుపు చెయ్యమంటాడు?

గట్టు మీద కూర, కళ్ళంలో దుమ్ము

కూర కొన్న ఇళ్ళు వాడలో తక్కువ. కలుపుకు పోయిన ఆడవాళ్ళు కొంగులో కూర తెచ్చేవాళ్ళు. పొన్నగంటి, దొగ్గలికూర, తుమ్మికూర, గునుగు, జొన్నచెంచలి, పుంటికూర, చింతచిగురు. ఆసామికి కలుపైన మొక్క ఆమెకు కూర. వరి మడుల్లో నత్తలు, పీతలు. కాలవ ఎండితే బురదమట్టలు. సముద్రానికి దగ్గరి ఊళ్ళల్లో చవగ్గా దొరికే రొయ్యపొట్టు చారెడు వేస్తే చింతచిగురుకు చేపల వాసన వచ్చేది. నూనె చుక్క లేకుండా, పప్పు గింజ లేకుండా ఇంత వైవిధ్యం ఉన్న వంట ఇంకెక్కడుంది? ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుంది, ఏది రెండుసార్లు ఉడకబెట్టి నీళ్ళు పారబోయాలి, ఏది బాలింత తినకూడదు అన్నది ఏ పుస్తకంలోనూ లేని శాస్త్రం. తల్లి నుంచి బిడ్డకు కలుపు చాళ్ళల్లోనే అందింది.

కోత అయ్యాక పరిగె ఏరుకోవడం, కళ్ళం ఊడ్చాక అడుగు గింజలు దుమ్ముతో సహా ఎత్తుకోవడం, ఇంకొకరి ఇంట కొట్నం దంచి నూకలో తవుడో తెచ్చుకోవడం కూడా ఉండేవి. వీటిని ఊరు దయ అంది. దయ అయితే చాకిరీ చేసిన ఇంటికే ఎందుకు దక్కింది? కూలిలో ఇవ్వని భాగాన్ని ఇట్లా ఏరుకొమ్మని వదిలేశారు. ఏరుకోవడానికి పట్టే పొద్దూ, వంగిన నడుమూ ఆమెవే. వరికోత యంత్రాలు వచ్చి పరిగె పోయింది. రైసుమిల్లు వచ్చి కొట్నం పోయింది. కలుపు మందులు వచ్చి గట్టు మీద కూర పోయింది. పోయిన వాటికి బదులు కూలి అంత పెరిగిందా అని ఎవరూ లెక్క కట్టలేదు, ఎందుకంటే అవి ఉన్నప్పుడే ఎవరూ లెక్కలో రాయలేదు.

పెద్దకూర

మాదిగ వాళ్ళు చచ్చిన గొడ్డును ఎత్తాలి. తోలు తీసి, సున్నంలోనూ తంగేడు చెక్కలోనూ ఊనించి, ఆసామికి చెప్పులు, మోట బొక్కెన చేసివ్వాలి. దానికి ఏడాదికొకసారి కళ్ళంలో మేర. ఆ గొడ్డు మాంసం వాడకు. ఒక్కరోజులో తినలేనంత మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేల మీద ఎండేసి వట్టి తునకలు చేసేవాళ్ళు. కొవ్వు కరిగించి దాస్తే నూనె ఖర్చు లేదు. కోసిన గొడ్డయితే నెత్తురు కూడా పోదు, నల్ల వండుతారు. వానాకాలం గాదె ఖాళీ అయినప్పుడు ఆ తునకలే గోంగూరలో ఉడికాయి. నిల్వ చేసే విద్యగా చూస్తే ఇది ఆవకాయకు ఏం తక్కువ? కాని ఆవకాయ తెలుగు వాళ్ళ సంస్కృతి అయింది, వట్టి తునక వాసనయింది.

ఇక్కడ మనం తడబడకుండా మాట్లాడుకోవాలి. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని మనవాళ్ళకు చెప్పాడు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని చరిత్రలోకి పోయి విప్పే ప్రయత్నం చేశాడు. మానమన్నది తిండిని చూసి సిగ్గుపడి కాదు. ఆ మాంసంతో పాటు కట్టేసి ఇచ్చిన చాకిరీని మానమని. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు కూడా అడిగింది ఆత్మగౌరవమే. ఒకచోట మానడం, ఒకచోట అందరి ముందు తినడం పైకి ఎదురెదురుగా కనబడతాయి. రెండింటిలోనూ మా పళ్ళెంలో ఏముండాలో మేమే తేల్చుకుంటాం అన్న మాటే ఉంది.

దొరతనం వేసిన లెక్క

పేదవాడి కడుపుకు ఎంత చాలు అని దొరతనం కూడా లెక్క వేసింది. 1876-78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు మాడిపోయాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలో మగవాడికి రోజుకు ఒక పౌను గింజలూ ఒక అణా చాలన్నాడు. రాళ్ళు కొట్టే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ కరువులోనే బకింగ్‌హామ్ కాలవ తవ్వించారు. పనిచోట కూడా కులం వదల్లేదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ కాలవ పనిని తనే కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జులైలో ఒక్కరోజే 2,222 మంది బాప్టిజం తీసుకున్నారు. వాళ్ళను అన్నం కోసం మతం మారినవాళ్ళని ఎగతాళి చేసినవాళ్ళు అన్నం ఎందుకు లేకపోయిందో చెప్పలేదు.

స్వతంత్రం వచ్చాక లెక్క కేలరీల్లోకి మారింది. 1979లో పల్లెలో మనిషికి రోజుకు 2400 కేలరీలు అని గీత గీశారు. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు పల్లెలో రోజుకు 26 రూపాయలు, పట్నంలో 32 రూపాయలు అని చెప్పింది. టెంపుల్ పౌనుకూ ఈ రూపాయలకూ మధ్య నూటముప్పై ఏళ్ళు గడిచాయి. అడిగిన ప్రశ్న మాత్రం మారలేదు. ఎంత తక్కువతో బతుకుతారు?

ఈ తక్కువ బతుకు ఎంత సన్నని దారం మీద ఉందో వెలివేసినప్పుడు తెలుస్తుంది. 1991లో చుండూరులో ఆగస్టు 6 హత్యలకు ముందు కొన్ని వారాలపాటు దళితులను పొలం పనికి పిలవకుండా వెలివేశారు. కత్తి తగిలే ముందు వెలి పొయ్యికి తగిలింది. రోజు కూలితో రోజు వండుకునే ఇంట్లో వారం వెలి అంటే ఏమిటో పొదుపు పాఠాలు చెప్పేవాళ్ళు ఊహించగలరా?

కిలో రెండు రూపాయలు

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా. మొట్టమొదటిసారి ఆసామి గడప తొక్కకుండా వాడలోకి గింజలు వచ్చాయి. నాగు అప్పు అవసరం తగ్గింది. దీన్ని చిన్న సంగతిగా చూడకూడదు. అయితే అదే ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు కూడా ఊరికి చేర్చింది. ఒక చేత్తో బియ్యం, ఒక చేత్తో సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే పత్రికలు నైతిక ఉద్యమం అన్నాయి. వాళ్ళకది కూలి డబ్బు లెక్క. పొయ్యి దగ్గరికి రావలసిన రూపాయి దారిలో ఆగిపోతున్నదని లేచారు. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. బియ్యం ధర కూడా 1996లో మూడున్నరకు పెరిగి, 2008లో రెండుకు వచ్చి, 2011లో రూపాయి అయింది. 2023 నుంచి ఆహార భద్రత చట్టం కింద ఉచితం.

బియ్యం వచ్చి జొన్న పోయింది. మెట్ట పొలాల్లో జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి వేసే పద్ధతి వెనకబడింది. బియ్యం ఊరికే దొరికినా పప్పు కొనాలి, నూనె కొనాలి, కూర కొనాలి. కుండ నిండింది గాని కుండలో రకాలు తగ్గిపోయాయి. దీన్ని ముందుగా పసిగట్టింది మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతపు దళిత ఆడవాళ్ళు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో కలిసి, 1990ల నడిమిలో బీడు భూములు సాగుచేసి, జొన్న పండించి, ఊళ్ళోనే నిల్వచేసి, ఆకలి నెలల్లో తక్కువ ధరకు పంచుకున్నారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్ళే తేల్చారు. ఇక్కడ మానిక మొదటిసారి ఆమె చేతికి వచ్చింది. ఆ జొన్న, ఆ కొర్రలే 2023లో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం నాటికి పట్నం దుకాణాల్లో ఖరీదైన తిండి అయి కూర్చున్నాయి.

చివర తిన్న మనిషి

ఇంత చెప్పాక ఇంట్లో సంగతి దాచకూడదు. మొదట పనికి పోయే మగవాడు, తర్వాత పిల్లలు, చివర ఆమె. కుండ అడుగున ఉన్నదే ఆమె వంతు. ఆసామి తగ్గించిన కొలతలో ఎక్కువ కోత ఆమె కడుపుకే పడింది. ఆమె కూడా పనికి పోయింది, ఆమె కూలి మగవాడి కూలి కంటే తక్కువ. దళిత ఉద్యమం భూమినీ కూలినీ ఆత్మగౌరవాన్నీ మాట్లాడినప్పుడు ఈ చివరి ముద్దను కూడా మాట్లాడాలి. బయట కులం, లోపల మగతనం కలిసి కొలిచిన ముద్ద అది.

వండే చెయ్యి మీద పోరాటం కూడా తీరలేదు. బడి మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె వండితే మా పిల్లలు తినరని అడ్డుపడిన ఊళ్ళ వార్తలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. గుప్పెడు గింజలతో ఇల్లు గడిపిందని మెచ్చుకున్న ఊరికి ఆ చేతి అన్నం మాత్రం పనికిరాదు.

మన పరిశోధకులు చెయ్యవలసిన పని ఒకటుంది. వాడల్లో ముసలవ్వలు ఇంకా ఉన్నారు. పోరాటాల గురించి అడిగినట్టే వాళ్ళను అడగండి. మీ ఊళ్ళో మానిక ఎంత ఉండేది? కూలి ఎన్ని సోలలు? పంట మీద నాగు ఎంత కట్టారు? పరిగె ఏరితే ఎన్ని గింజలు వచ్చేవి? వానాకాలం ఎన్ని పూటలు అంబలి? చివర మీకు ఎంత మిగిలేది? ఈ జవాబులన్నీ ఊరూరా రాసిపెట్టుకుంటే ఇన్నేళ్ళు ఇవ్వకుండా ఆపుకున్న కూలి ఎంతో లెక్క తేలుతుంది. భూమి అడిగేటప్పుడు, కూలి అడిగేటప్పుడు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.