డిమెన్షియాలో పదాల మరపు: అధ్యయన చరిత్ర

మెదడు కణాలు క్రమంగా దెబ్బతిని జ్ఞాపకం, భాష, వివేచన సన్నగిల్లే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ఆ జబ్బులో ముందుగా తడబడేవి పేర్లు. పల్లెలో ఒక పెద్దావిడ చేట చేతిలో పట్టుకునే, దాని పేరు నోటికి రాక ‘అదేందే, చెరిగేది’ అనవచ్చు. బియ్యం చెరగడం మాత్రం మరవదు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరని అడిగితే ఇలాంటివారు కొన్నిటి దగ్గరే ఆగిపోవచ్చు. ఉచ్చారణ, వాక్య నిర్మాణం చాలాకాలం నిలుస్తాయి.

ఈ మరపు గురించిన ఆధునిక అధ్యయన చరిత్ర 19వ శతాబ్ది చివర మొదలవుతుంది. మెదడు కుంచించుకుపోయి మాట పోయిన రోగి గురించి ఆర్నాల్డ్ పిక్ 1892లో ప్రాగ్ నగరంలో రాశాడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ పరీక్షించిన ఆగస్టె డెటెర్, భర్త పేరు అడిగితే తన పేరే చెప్పింది. కాలీఫ్లవర్ తింటూ పాలకూర అన్నది. ఆయన ఈ రోగి వివరాలను 1906లో వైద్యుల ముందుంచాడు. పదాలే కాక వాటి అర్థాలూ చెరిగిపోయే రోగుల గురించి ఎలిజబెత్ వారింగ్టన్ 1975లో రాసింది.

తెలుగునాట ఈ రంగంలో విశిష్టమైన కృషి హైదరాబాద్ నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ ఆ బృందంలో ఉన్నారు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఒక్క భాషే మాట్లాడేవారిలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు లేదా అంతకుమించి మాట్లాడే 391 మందిలో 65.6 ఏళ్లకు మొదలైంది. మూడో భాష వల్ల అదనపు లాభం కనబడలేదు. అన్నిటికన్నా విలువైన సంగతి, బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా ఉండటం. 2007లో టొరంటోలో ఇలాంటి తేడాయే తేలినా, అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవారు. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ చాలామందికి చిన్ననాటి నుంచే కలగలిసి అబ్బుతాయి. వృద్ధులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని విదేశీ అధ్యయనాల్లో మాత్రం ఈ మేలు కనిపించలేదు. 2017లో ఇదే బృందం మరో సంగతి తేల్చింది: మెదడు ముందు, పక్క భాగాలను దెబ్బతీసే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాలో ప్రవర్తన మారే రకాన్ని రెండో భాష ఆలస్యం చేసింది గాని, మాటనే దెబ్బతీసే రకాలను ఆలస్యం చేయలేకపోయింది.

పాశ్చాత్య పరీక్షలు చదువు వచ్చినవారి కోసం తయారైనవి. వాటితో తూస్తే మన నిరక్షరాస్య వృద్ధులకు లేని జబ్బు అంటగట్టే ప్రమాదముంది. ఈ లోటు తీర్చడానికి భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళాల్లో పరీక్షలు రూపొందించింది. బొమ్మ చూసి పేరు చెప్పడం వాటిలో ఒకటి.

మరపు అంతా ఇలాంటి జబ్బే కాదు: బి12 లోపం, థైరాయిడ్ మాంద్యం వల్ల వచ్చే మరపు చికిత్సకు లొంగవచ్చు. మాట ఉన్నట్టుండి పడిపోతే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పేర్లు నెలల తరబడి తడబడుతుంటే వయసు మీద పడిందని వదిలేయక, ఇంటి భాష తెలిసిన వైద్యుడికి చూపించాలి. వృద్ధుల జాతీయ సహాయవాణి 14567.