నీలి పెన్సిల్ గీసిన బొంతలు

రంగురంగుల ముక్కలు ఏరి, కత్తిరించి, అంచులు కలిపినంత మాత్రాన బొంత అయిపోదు. పైగుడ్డనీ, మధ్యనున్న దూదినీ, అడుగు అస్తరునీ పట్టి ఉంచే కుట్టు ఇంకా పడాలి. అది ఏ డిజైన్‌లో సాగాలన్నది ముక్కల పని చిక్కనయ్యేకొద్దీ తేలని ప్రశ్న. పూల చీటీగుడ్డ మీద ఎంత నాజూకు తీగ కుట్టినా కంటికి ఆనదు. సాదా గుడ్డ మీద వంకర కుట్టు ఒక్కటి పడినా దాగదు. పైగా ఎనిమిది ముక్కల మొనలు ఒకచోట కలిసే నక్షత్రంలో, ఆ నడిమి మందంలోంచి సూది దించి సన్నకుట్టు వేయడం చేయితిరిగిన వాళ్లకూ కష్టమే.

ఇంగ్లండ్ ఉత్తరాన, నార్తంబర్లాండ్ కొండల్లోని ఒకప్పటి సీసపు గనుల ఊరు అలెన్‌హెడ్స్. 19వ శతాబ్దం చివర్లో అక్కడ ఈ డిజైన్ ఎంపికే బతుకుతెరువైంది. పక్కనే డర్ట్ పాట్‌లో కొట్టు నడిపే జార్జ్ గార్డినర్ పైగుడ్డల మీద నీలి పెన్సిల్‌తో డిజైన్లు గీసిచ్చేవాడు. గీసిన గుడ్డను ఆడవాళ్లు ఇంట్లో చట్రానికి బిగించి, గీత వెంట కుట్టుకునేవారు.

ఆయన దగ్గర పని నేర్చిన ఎలిజబెత్ శాండర్సన్ (1861–1933) పేరు ఇంకా దూరం పాకింది. ఆమె పేరుతోనే నిలిచిన నక్షత్రపు బొంతను చూస్తే ఆమె తెలివి అర్థమవుతుంది. నడుమ ఎనిమిది మొనల చుక్క, దాని చుట్టూ వరసగా పట్టీలు. తరచు రెండే రంగులు, అవీ సాదా గుడ్డలే. ఒక పట్టీలో జడలా అల్లుకునే గీత, మరోదానిలో ఈకలు, గులాబీలు. ఖాళీల్లో గళ్ల నింపుడు. అతుకుల పని గీతకు చోటిచ్చింది, గీత అతుకుల హద్దులు గౌరవించింది. రెండింటినీ ఒకే మనసు ఆలోచించిందన్నది స్పష్టం.

చిన్న చిన్న పూలగుడ్డ ముక్కల బొంతలకు మాత్రం ఉత్తరాది స్త్రీలు తరచు వేరే దారి పట్టారు. అతుకుల్ని పట్టించుకోకుండా బొంత మొత్తం మీద ఒకే అలలు, ఒకే గళ్లు నడిపించారు. అదీ మంచి నిర్ణయమే. అతుకు అతుకునూ అనుసరిస్తూ పోతే చూపు నిలవదు, పనీ తెమలదు.

శాండర్సన్ స్వయంగా శిష్యురాళ్లను తయారుచేసింది. వాళ్లూ అదే నీలి గీత నేర్చారు, అవే ఈకలు, అవే గులాబీలు గీశారు. అందుకే ఇవాళ మ్యూజియంలో ఉన్న అలాంటి బొంత ఎవరి గీతో కచ్చితంగా తేల్చడం కష్టం. అలెన్‌హెడ్స్ పని అని మాత్రం చెప్పగలుగుతారు.