తెల్లవారుజాము స్టడీ అవర్: కౌమార మెదడు, నిద్ర వేళ, బోధన

మెదడు ముందు భాగం ఇరవై ఐదేళ్లదాకా పక్వానికి రాదు, అందుకే ఈ వయసు పిల్లలు ఇలా ఉంటారు అనే మాట ఉపాధ్యాయుల మధ్య ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. దాని వెనక గట్టి పరిశోధనే ఉంది. అమెరికాలో జే గీడ్ బృందం పిల్లలకు ఏళ్ల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఎమ్మారై స్కానులు తీసి, మెదడు ముందు భాగంలోని బూడిదరంగు పదార్థం పన్నెండేళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి ఆపైన తగ్గుతుందని 1999లో చూపింది. ఈ తగ్గుదల నష్టం కాదు. అక్కర్లేని నాడీ సంధులు తొలగిపోవడం, నాడీ తంతువులకు మయలిన్ తొడుగు ఏర్పడడం రెండూ స్కానులో తగ్గుదలగానే కనిపిస్తాయి. అయితే ఇరవై ఐదు దగ్గర మెదడులో గీత గీసి ఏమీ లేదు. రేపు పొద్దున మొదటి పీరియడ్‌లో లెక్కలు చెప్పాల్సిన మాస్టారికి ఆ అంకె వల్ల ఒరిగేదీ తక్కువే. ఆయన పనికి నేరుగా తగిలే ఫలితం వేరొకటి ఉంది: కౌమారంలో నిద్ర వేళ ఆలస్యమవడం. మన విద్యాసంస్థల దినచర్య సరిగ్గా దానికి ఎదురు నడుస్తోందన్నదే ఈ వ్యాసం వాదన.

మేరీ కార్స్కడాన్, ఆమె సహ పరిశోధకులు 1993లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తరగతి పిల్లల్లోనూ శారీరకంగా ఎక్కువ ఎదిగినవారు రాత్రి వేళకు మొగ్గు చూపారు. తర్వాతి ప్రయోగశాల పరిశీలనల్లో రెండు కారణాలు తేలాయి. యవ్వనం వచ్చే కొద్దీ మెలటోనిన్ స్రావం రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. మేలుకుని ఉన్న కొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి కూడా చిన్నపిల్లల్లో కంటే నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే రాత్రి పదకొండు దాకా కన్ను మూతపడదు. కావలసిన నిద్ర మాత్రం తగ్గదు, 13–18 ఏళ్ల వారికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. సెల్‌ఫోన్ ఈ జాప్యాన్ని పెంచుతుంది గాని పుట్టించలేదు. 1993లో పిల్లల చేతుల్లో ఫోన్లు ఎక్కడివి?

ఇప్పుడు మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ లెక్క చూద్దాం. రాత్రి పదిన్నరకో పదకొండుకో లైట్లు ఆర్పి, అయిదింటి స్టడీ అవర్ కోసం నాలుగున్నరకు లేపితే మిగిలేది ఆరు గంటలో, అంతకంటే తక్కువో. కోత పడేది రాత్రి చివరి భాగానికి. కలలు వచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా ఉండేది అక్కడే. పదహారేళ్ల శరీరానికి అది ఇంకా నడిరేయి. ఒంటి ఉష్ణోగ్రత, చురుకుదనం రెండూ దాదాపు అట్టడుగున ఉండే సమయం. ఆ గంటలో రాసిన నోట్సు చూస్తే చాలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ సమీకరణం ఎడమవైపు గుండ్రటి అక్షరాలతో మొదలవుతుంది. బాణం గుర్తు దాటాక అక్షరాలు గీత దిగి జారుతాయి, పెన్ను కిందికి ఒక చార లాగుతుంది. రెండు పంక్తుల తర్వాత రాత మళ్లీ నిటారు. మధ్యలో వార్డెన్ వచ్చి నిలబెట్టాడన్నమాట.

తెల్లవారుజామున చదివింది బుర్రకెక్కుతుందన్న పెద్దల మాటను నేను కొట్టిపారేయను. పొద్దుగూకగానే తిని, ఎనిమిదికి పడుకున్న వాళ్ల అనుభవం అది. మనం వాళ్లు లేచిన వేళను ఉంచుకుని, పడుకున్న వేళను వదిలేశాం.

బడి మొదలయ్యే వేళను ఆలస్యం చేస్తే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారన్నది సహజంగా వచ్చే అభ్యంతరం. దానికి జవాబు సియాటెల్‌లో దొరుకుతుంది. అక్కడ 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభాన్ని ఉదయం 7:50 నుంచి 8:45కు మార్చారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు పాఠశాలల విద్యార్థుల మణికట్టుకు కదలికలు కొలిచే పట్టీలు కట్టి చూస్తే, రాత్రి నిద్ర 34 నిమిషాలు పెరిగింది. పడుకునే వేళ చెప్పుకోదగ్గంతగా మారలేదు. మార్కులు కూడా పెరిగాయన్నారు గాని, ఆ ఫలితాన్ని నేను జాగ్రత్తగానే తీసుకుంటాను: రెండు విడతల్లో కొలిచింది ఒకే పిల్లలను కాదు, మార్కులు వేసిన ఉపాధ్యాయులకు వేళ మారిందని తెలుసు. నిద్ర కొలత మీద మాత్రం ఈ అనుమానాలు పెద్దగా పనిచేయవు. కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాలలు 8:30 కంటే ముందు మొదలు కాకూడదన్న నిబంధన 2022 నుంచి అమల్లో ఉంది.

టైమ్‌టేబుల్ ఉపాధ్యాయుడి చేతిలో ఉండదు, నిజమే. మొదటి గంటలో ఏం చెప్పాలన్నది కొంతైనా ఆయన చేతిలో ఉంటుంది. కొత్త సిద్ధాంతాన్ని, పొడవాటి డెరివేషన్‌ను పదిన్నర తర్వాతికి జరపవచ్చు. పొద్దుటి పూట నిన్నటి పాఠాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే పని పెట్టవచ్చు. నోరు విప్పాల్సిన పనిలో కునుకుకు చోటు తక్కువ. వారాంతపు పరీక్షను తెల్లవారే పెట్టి, వచ్చిన ర్యాంకుతో సెక్షన్ మార్చే పద్ధతి మరీ అన్యాయం. ఆ ర్యాంకులో రసాయన శాస్త్రం ఎంతో, నిద్రలేమి ఎంతో విడదీయలేం. పైగా జాబితాను తోటివాళ్లంతా చూసేలా నోటీసు బోర్డుకు అంటిస్తారు. మిత్రులు పక్కనుంటే పెద్దలకంటే కౌమారంలోని వారే ఎక్కువ సాహసానికి దిగుతారని గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో ఒక డ్రైవింగ్ ఆటతో చూపారు. తోటివారి చూపుకు అంత బరువున్న వయసులో ఆ బోర్డు ఏం చేస్తుందో వేరే వ్యాసానికి తగిన విషయం.

సియాటెల్ పిల్లలు ఇళ్లలో పడుకునేవారు, కాబట్టి ఆ ఫలితాన్ని మన హాస్టళ్లకు యథాతథంగా దించలేం. కానీ లైట్లు ఆర్పే వేళ, లేపే గంట ఒకే చేతిలో ఉన్నందున ఇక్కడ ప్రయోగం ఇంకా సులువు. ఒకే యాజమాన్యం కింది రెండు హాస్టళ్లలో ఒకదానిలో స్టడీ అవర్‌ను ఆరున్నరకు జరిపి, రాత్రి గంటలు పొడిగించకుండా, ఒక టర్మ్ పాటు రెండు చోట్లా నిద్రను పట్టీలతో కొలవాలి. తర్వాతి టర్మ్‌లో వేళలు తారుమారు చేయాలి. పరీక్ష రెండు చోట్లా ఉదయం పదకొండుకే పెట్టాలి, పేపర్లు దిద్దేవారికి ఏ కట్ట ఏ హాస్టల్‌దో తెలియకూడదు.