బొర్రా గుహల్ని ఎవరు కనిపెట్టారు?

కాస్త పొడవైన పోస్టు, ఓపిగ్గా చదవండి.

టూరిజం కోర్సులో చేరిన కొత్తలో ఒక రోజు క్లాసులో తెర మీద బొర్రా గుహల ఫొటో వేశారు. కింద ఒక వాక్యం: 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ వీటిని కనుగొన్నాడు. అందరం రాసుకున్నాం. మాలో ఒకమ్మాయిది అనంతగిరి మండలమే, ఆమె కూడా రాసుకుంది. పరీక్షలో మార్కు కావాలి కదా.

హాస్టల్‌కి వచ్చి చూస్తే జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. విలియం కింగ్ అనే ఆయన ఆ సంస్థలో నిజంగానే ఉన్నాడు, కానీ పనిచేసింది 19వ శతాబ్దం రెండో సగంలో. సంస్థే లేని రోజుల్లో ఆ సంస్థ మనిషి గుహలోకి ఎలా దిగాడో మాకు అర్థం కాలేదు. అయినా బ్రోచర్లలో, వెబ్‌సైట్లలో అదే వాక్యం తిరుగుతోంది.

మన పెద్దవాళ్లు చెప్పేది వేరు. కొండ మీద మేస్తున్న ఆవు బొక్కలోంచి లోపలికి పడిపోయింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగంలాంటి రాయి కనిపించింది. గోస్తనీ నదికి ఆ పేరు కూడా ఆ ఆవుతోనే వచ్చిందంటారు. దీనికి తేదీ లేదు, సాక్ష్యం లేదు, ఒప్పుకుంటాం. కానీ దొర రాకముందే ఆ కొండ మీద ఆవులు మేపుకునే మనుషులున్నారని ఈ కథలో ఉంది. స్లైడులో అది లేదు.

మా సిలబస్‌లో బట్లర్ అనే ఆయన 1980లో రాసిన సిద్ధాంతం ఒకటుంది. ఒక పర్యాటక ప్రాంతం ఎలా పుట్టి, పెరిగి, ముదిరి, వాడిపోతుందో అందులో దశలుగా చెప్తాడు. మొదటి దశ పేరు అన్వేషణ, అంటే బయటివాళ్లు ఒకరిద్దరు వచ్చి చూడటం. పనికొచ్చే సిద్ధాంతమే, అరకుని దాంట్లో పెట్టి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. కాకపోతే దాని గడియారం బయటి మనిషి అడుగు పెట్టినప్పుడే మొదలవుతుంది. అంతకుముందు అక్కడ ఏం జరిగిందో మనమే వెతుక్కోవాలి.

మేము దారులతో మొదలుపెట్టాం. లంబసింగి మంచు చూడటానికి చలికాలంలో కార్లు వరస కట్టే నర్సీపట్నం–చింతపల్లి ఘాట్ తెలుసు కదా. ఆ కొండల్లో రోడ్డు వేయడానికి బ్రిటిష్ వాళ్ల కాలంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లతో సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు దాడి చేయడం వెనక ఆ కోపం కూడా ఉంది. ఇక అరకు రైలు. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. అద్దాల పెట్టె 2017లో వచ్చింది. ఖనిజం కోసం తొలిచిన సొరంగాల్లోంచే ఇప్పుడు సెల్ఫీలు.

భూమి సంగతి ఇంకా పాతది. మన భూములు బయటివాళ్ల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిపరచిన 1970 నాటి సవరణ. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడికి అమ్మకం చెల్లదు, లీజూ చెల్లదు. ఈ లీజు అన్న మాట దగ్గర ఆగండి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు గనులకు లీజులిస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం కుదరదని, ఆ చట్టం ముందు ప్రభుత్వమూ ఒక వ్యక్తే అని కోర్టు చెప్పింది. గుహలో మెరిసే రాళ్లు కాల్సైట్. గనులవాళ్లకు కావలసిందీ కాల్సైటే. ఆ తీర్పు పుట్టిన మండలం గురించి మాకు రెండు గంటల పాఠం చెప్పారు, తీర్పు మాట ఒక్కసారీ రాలేదు.

ఇది పాత కథ అనుకోవద్దు. 2025 జనవరిలో విశాఖలో జరిగిన పర్యాటక సదస్సులో, టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నవారి నోటే వచ్చింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అయింది. చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు రోజులూ మేము హాస్టల్‌లో కూర్చుని టూరిజం ప్లానింగ్ పేపరుకు చదువుతున్నాం, ఇంట్లోవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు.

కొంతమంది అన్నలు మమ్మల్ని అడిగారు, ఆ చదువు మీకెందుకురా, రిసార్టు వాళ్లకి పనిచేయడానికా అని. కోపం అర్థమైంది. కానీ ఏ కొండ మీద ఎన్ని గదులు, నీళ్లు ఏ గెడ్డలోంచి, చెత్త ఎక్కడికి, ఎంతమంది వస్తే ఆ చోటు తట్టుకుంటుంది అనేవి ప్లాన్ కాగితంలోనే తేలిపోతాయి. ఆ కాగితం చదవగలిగినవాడు ఊళ్లో ఒక్కడైనా ఉండాలి. 1996 నాటి పెసా చట్టం ఊరి అభివృద్ధి ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం కావాలంటుంది. మా పుస్తకంలో ఆర్న్‌స్టీన్ 1969లో గీసిన ఎనిమిది మెట్ల నిచ్చెన ఉంది. జనాన్ని సంప్రదించాం అనడం అందులో నాలుగో మెట్టే. మన గ్రామసభల్లో చాలాసార్లు సంతకాల పుస్తకం తిరుగుతుంది, ప్లాన్ తిరగదు. అది ఏ మెట్టో మీరే చూసుకోండి.

ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకి మేము సొంత ఊళ్లకే వెళ్తున్నాం. రోడ్డు ఎప్పుడు పడింది, ఎవరు రాళ్లు మోశారు, ఇప్పుడు టెంట్లు వేసిన స్థలం ఎవరి పట్టా, కాగితం ఎవరి దగ్గరుంది అని పెద్దవాళ్లను అడిగి రాసుకుంటున్నాం. చింతపల్లి, పాడేరు వైపు తాతల దగ్గర అలాంటి కాగితాలుంటే ఫొటో తీసి దాచండి. మేము వచ్చి చూస్తాం.