ట్రాక్టరుకు రేడియల్ టైర్లు: తేడా ఏమిటి? ఎవరికి లాభం?

వెనుక టైర్లు అరిగిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు మండపేట ప్రాంత రైతులకు వచ్చే సందేహం ఒకటే: ఎక్కువ డబ్బు పెట్టి రేడియల్ కొనాలా, మామూలు టైరు సరిపోతుందా? మీ ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ గంటలు ఏ పని చేస్తుందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

లోపలి తేడా

టైరు రబ్బరు లోపల దారాల పొరలు ఉంటాయి. మామూలు (బయాస్) టైరులో ఈ పొరలు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి. అందుకే పక్క గోడ వంగినప్పుడు నేలను పట్టే లగ్గులు కూడా కదులుతాయి.

రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు, చక్రం తిరిగే దిశకు 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. లగ్గుల కింద చుట్టూ గట్టి బెల్టులు ఉంటాయి. పక్క గోడ మెత్తగా వంగినా, నేలను తాకే భాగం చదునుగా ఆనుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ సంస్థ 1946లో ఈ విధానానికి పేటెంటు పొందింది.

గుర్తుపట్టడం ఎలా?

సైజు 13.6-28 అని గీతతో ఉంటే మామూలు టైరు. గీత స్థానంలో ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరం ఉంటే రేడియల్. ట్యూబ్‌లెస్ అన్నంత మాత్రాన రేడియల్ కాదు.

ఏ పనికి ఏది?

• పొడి దుక్కి: రేడియల్ జారుడు తక్కువ, డీజిల్ కలిసివస్తుంది. బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి నేల తక్కువగా అణుగుతుంది. వరి తర్వాత మొక్కజొన్న వంటి పంటకు దున్నే నల్లరేగడి చేలల్లో ఇది మేలు.
• ధాన్యం రవాణా: మిల్లులకు తరచూ తోలేవారికి రేడియల్ తక్కువగా వేడెక్కుతుంది, నిదానంగా అరుగుతుంది.
• దమ్ము: ఇనుప చక్రాలు కట్టి దమ్ము చేస్తే బురదలో పట్టు ప్రధానంగా వాటిదే. దమ్ము కోసమే రేడియల్ కొననక్కర్లేదు.
• లోపాలు: ధర ఎక్కువ. పక్క గోడ పలుచన కనుక రాళ్లు, మొద్దులు తగిలితే త్వరగా కోసుకుపోతుంది.

కొనే ముందు జారుడు కొలవండి

పొడి చేలో వెనుక చక్రంపై సుద్దతో గుర్తు పెట్టండి. నాగలి పైకెత్తి చక్రం 10 చుట్లు తిరిగే దూరం కొలవండి. తర్వాత నాగలి దించి దున్నుతూ 10 చుట్ల దూరం కొలవండి. మొదటిది 40 మీటర్లు, రెండోది 34 మీటర్లు అయితే జారుడు 15 శాతం. అంతకు మించితే ముందు గాలి, లగ్గుల అరుగుదల, వెనుక బరువు సరిచూడండి. చాలాసార్లు ఖర్చు లేకుండానే సమస్య తీరుతుంది.

జాగ్రత్తలు

• ఒకే ఇరుసుకు ఒకవైపు రేడియల్, మరోవైపు మామూలు టైరు వేయకూడదు.
• రేడియల్ పక్క గోడ కొంచెం ఉబ్బినట్లు కనిపించడం సహజం. గాలి తగ్గిందనుకుని ఎక్కువ కొట్టిస్తే దాని లాభమంతా పోతుంది. గేజీతో చూసి, కంపెనీ పట్టికలో చెప్పినంతే ఉంచాలి.
• ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు సైజు మారిస్తే ముందు, వెనుక చక్రాల నిష్పత్తి దెబ్బతింటుంది. డీలరుతో సరిచూసుకున్నాకే మార్చండి.

సొంత పొలం దమ్ముకే ట్రాక్టరు వాడే చిన్న రైతుకు మంచి మామూలు టైరు చాలు. కిరాయి దుక్కి, రవాణా ఎక్కువగా చేసేవారికి రేడియల్‌పై పెట్టిన అదనపు ఖర్చు తిరిగి వచ్చే అవకాశం ఉంది.