ఈడు, తూకం, ఎదుగుదల: కౌమార బాలికల పోషణ చరిత్ర - ఒక పరిశీలన

బాలిక రజస్వల కావడాన్ని తెలుగులో ‘ఈడేరడం’, ‘సమర్తాడడం’, ‘పెద్దమనిషి కావడం’ అని వ్యవహరిస్తారు. ఈ మాటలన్నీ ఆమె శరీరంలోని మార్పును ఒక్కనాటి సంఘటనగా నిలుపుతాయి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి పెట్టే ఆచారమూ ఆనాటితోనే మొదలవుతుంది. శరీరశాస్త్రం చెప్పే క్రమం వేరు. బాలిక ఎత్తు అతివేగంగా పెరిగే దశ సాధారణంగా తొలి రజస్సుకు ముందే దాటిపోతుంది. ఆ తరువాత పెరిగేది కొద్ది సెంటీమీటర్లే. రుతుస్రావంతో ఇనుము అవసరం హెచ్చుతుంది కనుక చిమ్మిలి నిరర్థకం కాదు. అయితే ఎముక ఎదిగే కాలానికి ఆచారంలో ప్రత్యేక స్థానం దొరకలేదు.

చట్టం కూడా ఎదుగుదలను గాక వయసునే కొలమానంగా తీసుకుంది. 1891 నాటి సమ్మతి వయసు చట్టం బాలికల విషయంలో హద్దును 10 నుండి 12 ఏళ్లకు పెంచింది. పన్నెండేళ్లలోపే రజస్వల అయితే గర్భాధాన సంస్కారం ఏమవుతుందన్నది నాటి వ్యతిరేకుల ప్రధాన వాదం. 1929 నాటి శారదా చట్టం బాలికల వివాహానికి కనీస వయసును 14గా నిర్ణయించింది. ఈ చర్చలలో బాలిక శరీరం వివాహార్హత దృష్టితోనే పరిగణనకు వచ్చింది. ఆమె ఆహారం ప్రధానాంశం కాలేదు.

స్వాతంత్ర్యానంతరం 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అనుబంధ పోషకాహారం అందించింది. అంటే ఆరేళ్లు నిండిన బాలిక మళ్లీ గర్భిణి అయ్యేదాకా ఆ ఆహారపు పరిధిలోకి రాదు. ఈ లోపాన్ని పూరించడానికి 1991లో కౌమార బాలికల పథకం వచ్చింది.

2002-03లో 51 జిల్లాలలో చేపట్టిన ప్రయోగాత్మక కార్యక్రమం 35 కిలోలకన్న తక్కువ బరువున్న 11-19 ఏళ్ల బాలికలకు నెలకు 6 కిలోల ధాన్యం కేటాయించింది. పదకొండేళ్ల పిల్లకు ఆ బరువు సహజం కావచ్చు. పద్దెనిమిదేళ్ల యువతి 36 కిలోలుంటే తీవ్ర పోషణలోపమే, అయినా ఆమె అనర్హురాలు. ఈడును విడిచి తూకాన్ని మాత్రమే పట్టుకోవడంలోని చిక్కు ఇది.

2010 నాటి సబల పథకం రోజుకు 600 కేలరీలు, 18-20 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 300 రోజులు ఇవ్వాలని నిర్దేశించింది. అందులో 11-14 ఏళ్లవారిలో బడి మానినవారికే ఆహారం. బడికి వెళ్లేవారికి మధ్యాహ్న భోజనమే ఆధారం. 2022లో మారిన నిబంధనలు ఆకాంక్షిత జిల్లాలలోను, ఈశాన్య రాష్ట్రాలలోను 14-18 ఏళ్ల బాలికలను లక్ష్యంగా చేసుకున్నాయి. అప్పటికి చాలామందిలో ఎత్తు పెరిగే వేగం తగ్గిపోయి ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల యువతులలో రక్తహీనత 2015-16లో 54.1 శాతం, 2019-21లో 59.1 శాతం. ఆచారం ఒక దినాన్నీ, చట్టం ఒక వయసునూ, పథకం ఒక తూకాన్నీ ఎంచుకున్నాయి. ఈ మూడింటి నడుమ ఏళ్ల తరబడి సాగే ఎదుగుదల లెక్కకు రాకపోవడమే కౌమార బాలికల పోషణ చరిత్రలో కొనసాగుతున్న లోటు.