సింగర్ గారి టెన్షన్

టెన్షన్ అంటే మన తెలుగువాళ్ళకి రెండర్థాలు. పరీక్ష ఫలితాలకీ, వీసా స్టాంపింగుకీ పడేది ఒకటి. రెండోది దర్జీల భాషలోది: కుట్టుమిషనులో దారం ఎంత బిగువుగా నడవాలి అన్నది. 1850లో బోస్టన్‌లో ఒకాయనకి ఈ రెండూ ఒకే రాత్రి పట్టుకున్నాయి. ఆ కథ చెప్పాలంటే ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన మగ్గం వర్కు చూసే ఉంటారు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెం ఉన్న సూదితో కింద నుంచి దారాన్ని పైకి లాగుతూ గొలుసు కుట్టు కుడతారు. ఈ విద్య 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచే యూరప్ చేరింది. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ అలాంటి కొక్కెం సూదినే ఒక కొయ్య మిషనుకి తగిలించి 1830లో పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో ఓ 80 మిషన్లు పెట్టి సైనికుల యూనిఫారాలు కుట్టిస్తుంటే, 1831 జనవరిలో దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టేశారు. తమ పొట్టకొడుతున్నాడని వాళ్ళ కడుపుమంట. పాపం ఆయన 1857లో పేదరికంలోనే పోయాడు.

ఆయన మిషనులో ఉన్నది ఒకే దారం కాబట్టి టెన్షన్ గొడవ పెద్దగా లేదు. కానీ బియ్యం బస్తా మూతి ఎప్పుడైనా విప్పారా? సరైన కొస దొరికితే ఒక్క లాగుకి సర్రున ఊడి వచ్చేస్తుంది. గొలుసు కుట్టు గుణం అది. బస్తాకి బాగానే ఉంటుంది గానీ ప్యాంటుకి అయితే పరువు పోతుంది :-)

దీనికి విరుగుడు రెండు దారాలు. సూది పై దారాన్ని కిందికి దింపి చిన్న ఉచ్చు వదిలితే, ఆ ఉచ్చులోంచి షటిల్ రెండో దారాన్ని దూర్చుకుని పోతుంది. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ 1830ల్లోనే ఇలాంటిది చేసి పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు. (మన ఆడవాళ్ళు గాజులకీ గొలుసులకీ గుచ్చుకు తిరిగే పిన్నీసు కూడా ఈయనదే, 1849.) 1846లో ఎలియాస్ హౌ పేటెంటు తీసుకున్నాడు. అక్కడి నుంచి మొదలైంది అసలు పేచీ. పై దారం పైకి లాగుతుంది, కింది దారం కిందికి లాగుతుంది. తాడు లాగుడు పోటీలో రెండు జట్లూ సమానంగా లాగితేనే ముడి గుడ్డ మధ్యలో నిలబడుతుంది.

ఇప్పుడు బోస్టన్. ఐజాక్ సింగర్ అంతకు ముందు ఊరూరా తిరిగి నాటకాలాడిన మనిషి. జీబర్ అనే మిత్రుడు ఇచ్చిన 40 డాలర్లతో 11 రోజులు రాత్రింబవళ్ళు పనిచేసి మిషను తయారుచేశాడు. పదకొండో రోజు రాత్రి బిగించి చూస్తే కుట్టు పడలేదు. పనివాళ్ళు ఇక ఇది అయ్యే పని కాదని ఒక్కొక్కరే జారుకున్నారు. జీబర్ దీపం పట్టుకుంటే సింగర్ అర్ధరాత్రి దాకా తంటాలు పడ్డాడు. చివరికి ఇద్దరూ బసకి బయల్దేరి, దారిలో చెక్కల కుప్ప మీద కూలబడ్డారు. అప్పుడు జీబర్ అడిగాడట, వదులు ఉచ్చులన్నీ గుడ్డకి పై వైపే ఉన్నాయి గమనించావా అని. సింగర్‌కి తట్టింది, సూది దారానికి టెన్షన్ సరిచెయ్యనే లేదని! వెనక్కి వెళ్ళి సరిచేస్తే అయిదు కుట్లు చక్కగా పడి దారం తెగింది. అయినా అది చాలు. 1851లో పేటెంటు వచ్చింది. ప్రొడక్షన్‌లో బగ్గు దొరక్క లాప్‌టాప్ మూసేసి పార్కింగ్ లాట్‌లో నడుస్తుంటే జవాబు తట్టడం మనలో ఎంతమందికి అనుభవం కాదు!

ఇది సింగరే తర్వాత చెప్పుకున్న కథ. అందులో ఒక మాట దర్జీలు ఒప్పుకోరు. ఇప్పటి మిషన్లలో పై దారం వదులైతే ఉచ్చులు కింద కనిపిస్తాయి, పైన కాదు. నాటకాల మనిషి కదా, కాస్త సర్ది చెప్పి ఉంటాడని నా అభిప్రాయం.

ఈ సూత్రం తెలియక చాలామంది బాబిన్ కేసు మరను తిప్పి పనిని ఇంకా పాడుచేస్తారు. మా ఆవిడ తెలిసినవాళ్ళకి జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ చేసి ఇస్తుంది. ఒకసారి శనివారం పెళ్ళికి ఇవ్వాల్సిన పట్టు జాకెట్టు, శుక్రవారం రాత్రి మిషను కింద ఉచ్చులు ఉచ్చులుగా పడేస్తోంది. చీరతో వచ్చిన ముక్క అది, ఇంకోటి దొరకదు. విప్పి కుడితే పట్టు మీద సూది రంధ్రాలు ఉండిపోతాయి. అదృష్టం కొద్దీ ముందు పాతగుడ్డ మీద వేసి చూసింది. బాబిన్ జోలికి పోలేదు. ప్రెస్సర్ ఫుట్ పైకెత్తింది. అది ఎత్తితేనే టెన్షన్ బిళ్ళలు విడి దారం మధ్యలోకి దిగుతుంది. బిళ్ళల మధ్య తెగిన దారం ముక్క ఇరుక్కుని ఉంది. తీసేసి, మళ్ళీ దారం ఎక్కించి, పాతగుడ్డ మీద ఇంకో గీత కుట్టి వెనక్కి తిప్పి చూసింది. ఎంబ్రాయిడరీలో ముడి గుడ్డ మధ్యలో ఉండకూడదు, కొంచెం వెనక్కి దిగాలి. శాటిన్ కుట్టు వెనకవైపు మధ్యలో మూడో వంతు తెల్ల బాబిన్ దారం, రెండు పక్కలా రంగు దారం కనిపించాలి. కనిపించింది. ఒంటిగంటకి జాకెట్టు ఎక్కించింది.

ఒక్క సూదికే ఇంత హైరానా. 1828లో హైల్మన్ చేసిన మొదటి ఎంబ్రాయిడరీ మిషనులో రెండు వైపులా మొనలూ, మధ్యలో బెజ్జమూ ఉన్న సూదుల్ని పట్టకార్లు గుడ్డలోంచి అటూ ఇటూ లాగేవి. ఒకే దారం. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి దానికి సింగర్ తరహా రెండు దారాలు పెట్టాడు. షటిల్ చిన్న పడవలా ఉంటుంది కాబట్టి షిఫ్లీ అన్నారు, వాళ్ళ భాషలో బుల్లి పడవ అని. వందల సూదులు, ప్రతి సూదికీ వెనక ఒక పడవ, ప్రతి పడవకీ తన టెన్షన్. ఒక్కటి వదులైనా ఆ పువ్వు ఒక్కటే వికారంగా వస్తుంది. 1910 ప్రాంతంలో స్విస్ ఎగుమతుల్లో ఎంబ్రాయిడరీదే అగ్రస్థానం, సాంక్ట్ గాలెన్ ప్రాంతమే దానికి కేంద్రం.

అక్కడి నుంచీ, జర్మనీ ఆస్ట్రియాల నుంచీ వలస వచ్చినవాళ్ళు ఈ మిషన్లను న్యూజెర్సీ హడ్సన్ కౌంటీకి తెచ్చారు. మన జెర్సీ సిటీ ఉన్న కౌంటీయే. యూనియన్ సిటీ, వెస్ట్ న్యూయార్క్ వీధుల్లో చిన్న చిన్న షెడ్లు వందల కొద్దీ ఉండేవి. అయిపోయిన పడవల్ని మార్చడానికి ఒకరు, తెగిన దారాలు కనిపెట్టడానికి ఒకరు. 20వ శతాబ్దం చివరికి ఆసియా పోటీతో చాలా వరకు మూతపడ్డాయి.

గ్రోబ్లి కొడుకు 19వ శతాబ్దం చివర్లో ఈ మిషనుని చిల్లుల కార్డులతో నడిపించాడు. సూది ఎక్కడ దిగాలో కార్డు చెబుతుంది. ఇవాళ్టి డి.ఎస్.టి. ఫైలు విప్పి చూశాను, అందులో ఉన్నదీ అదే: ఇటు ఇంత, అటు ఇంత, ఇక్కడ రంగు మార్చు. టెన్షన్ ఎంత అన్నది మాత్రం ఎక్కడా లేదు. పట్టుకి ఎంత, నూలుకి ఎంత అని మా ఆవిడ మిషను పక్కన కాలెండరు మీద పెన్సిలుతో రాసుకుంటుంది.